పుంజు గొప్పా, పెట్ట గొప్పా?

బిర్యానీలో పందెం రక్తం

రావులపాలెం సెంటర్లో బ్రాయిలర్ మాంసం కొట్టించుకుని వెళ్తున్న పెద్దమనిషిని ఆపి, ‘మీ సంచీలో ఉన్నది పందెం పుంజుకి దూరపు చుట్టమండీ’ అంటే నవ్వి ఊరుకుంటాడు. కానీ నిజం అదే. 19వ శతాబ్దంలో మన దేశంలో కొలువు చేసిన ఇంగ్లండు సైనికాధికారులు తిరిగి వెళ్తూ అసీల్ అనే మన పందెం జాతి కోళ్లను ఓడల్లో పట్టుకుపోయారు. ఇంగ్లండుకు నైరుతి కొసనున్న కార్న్‌వాల్‌లో వాటిని అక్కడి పందెం కోళ్లతోనూ, మలయా కోళ్లతోనూ కలిపారు. ఇంకా మొనగాడు పుంజు పుడతాడని వాళ్ల ఆశ. పుట్టింది మాత్రం పొట్టి కాళ్లు, వెడల్పు రొమ్ము, బండ ఒళ్లు ఉన్న కోడి. బరిలో చురుగ్గా కదలలేదు. అయితే ఆ రొమ్ములో ఉన్నంత మాంసం అప్పట్లో మరే కోడిలోనూ లేదు. ముందు ‘ఇండియన్ గేమ్’ అన్నారు, తర్వాత ‘కార్నిష్’ అన్నారు.

ఆ కార్నిష్ అమెరికా చేరింది. ‘రేపటి కోడి’ పేరుతో అక్కడ 1940లలో దేశమంతా పోటీలు పెట్టారు. 1948లో గెలిచింది కాలిఫోర్నియాకు చెందిన వాంట్రెస్ అనే పెంపకందారు. ఆయన చేసిందల్లా ఎర్ర కార్నిష్ పుంజును న్యూ హాంప్‌షైర్ పెట్టతో కలపడమే. ఆయన పేరు ‘కాబ్-వాంట్రెస్’ అనే కంపెనీలో ఇప్పటికీ ఉంది. మన కోళ్ల ఫారాల్లో రైతులు ‘వెంకాబ్’ అని పిలిచే పిల్లలోని ‘కాబ్’ అదే. ఇక్కణ్ణుంచి వెళ్లిన రక్తం అమెరికా చుట్టి, వంద చేతులు మారి, మళ్లీ గోదావరి జిల్లాల కోళ్ల షెడ్లలోకి వచ్చిందన్నమాట.

56 రోజులు, మూడు కోళ్లు

కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో 1957 నాటి కోడి వంశాన్నీ, 1978 నాటి వంశాన్నీ మార్పు లేకుండా కాపాడి ఉంచారు. వాటిని 2005 నాటి వ్యాపార బ్రాయిలర్‌తో కలిపి, ఒకే మేత పెట్టి పెంచి చూశారు. 56వ రోజున తూస్తే 1957 కోడి 905 గ్రాములు, 1978 కోడి 1,808 గ్రాములు, 2005 కోడి 4,202 గ్రాములు. మేతలో తేడా లేదు, మందులో తేడా లేదు. ‘బ్రాయిలర్‌కి హార్మోను సూదులు పొడుస్తారట’ అని అరుగుల మీద చెప్పుకునే మాటకు ఈ మూడు అంకెలే జవాబు. సూది అక్కర్లేదు. ప్రతి తరంలోనూ బరువైన వాటినే తల్లిదండ్రులుగా ఉంచి మిగిలినవి తప్పిస్తే చాలు. యాభై ఏళ్లలో నాలుగు రెట్లు దాటింది.

దీనికి కట్టిన మూల్యం కూడా చిన్నది కాదు. రొమ్ము పెరిగిన వేగంతో ఎముక పెరగలేదు, గుండె పెరగలేదు. కాళ్లు కుంటుతాయి, కడుపులో నీరు చేరుతుంది. ఈ పిల్లల్ని కనే తల్లి కోళ్లకు కడుపునిండా మేత పెడితే గుడ్లు పెట్టే వయసుకు ముందే ఒళ్లు చేసి పాడైపోతాయి. అందుకే వాటికి మేత కొలిచి, ఎప్పుడూ కాస్త ఆకలితోనే ఉంచుతారు. తినడం కోసమే ఎంచిన జాతికి తిండి ఆపాల్సి రావడం నాకైతే చాలా విడ్డూరంగా తోస్తుంది.

డార్విన్‌కు మన సర్కారుల దొర సాయం

చార్లెస్ డార్విన్ 1859లో అచ్చేసిన ‘జాతుల పుట్టుక’ అడవులతోనో దీవులతోనో మొదలవదు. మొదటి అధ్యాయం నిండా ఇంటి జంతువులే. అందులోనూ పావురాలు. ఆయన స్వయంగా పావురాలు పెంచాడు, లండన్‌లో రెండు పావురాల క్లబ్బుల్లో చేరాడు, ప్రపంచం నలుమూలల నుంచీ పక్షి చర్మాలు తెప్పించుకున్నాడు. ఆ పుస్తకంలోనే, భారతదేశం నుంచి చర్మాలు పంపినందుకు వాల్టర్ ఎలియట్ అనే ఆయనకు పేరు పెట్టి మరీ కృతజ్ఞత చెప్పాడు.

ఎవరీ ఎలియట్? మద్రాసు సివిల్ సర్వీసు అధికారి. 1845 నుంచి 1854 దాకా ఉత్తర సర్కారుల కమిషనర్. అంటే రాజమండ్రి సీమ, దాంతోపాటు కోనసీమ, ఆయన ఏలుబడిలోవే. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట కడుతున్న రోజులవి. అమరావతి స్తూపాన్ని 1845లో తవ్వించిందీ ఈయనే. తెలుగు పేర్లతో మొక్కల జాబితా ఒకటి కట్టి ‘ఫ్లోరా ఆంధ్రికా’ అని అచ్చు వేయించాడు. అదీ 1859లోనే! 1856 జనవరిలో డార్విన్ ఈయనకు ఉత్తరం రాసి, ఇక్కడి పావురాల, కోళ్ల చర్మాలు కావాలని అడిగాడు. పరిణామ సిద్ధాంతం పుట్టిన కథలో మన ప్రాంతం పేరు ఇలా పక్కవాకిలి గుండా వచ్చి చేరింది. పాఠ్యపుస్తకాల్లో గలపాగస్ దీవుల పిచ్చుకలకు ఉన్న చోటులో పిసరంతైనా ఎలియట్‌కు దక్కలేదు.

అమ్మమ్మ చేసిన ఎంపిక

మనిషి ఎంపికను డార్విన్ రెండు రకాలుగా చూశాడు. ఒకటి, ఫలానా గుణం కావాలని గురి పెట్టుకుని చేసేది. రెండోది ఏ గురీ లేకుండా జరిగిపోయేది. ఈ రెండోదానికి మన పెరట్లోనే మంచి ఉదాహరణ ఉంది. పండక్కి కోడిని కొయ్యాలంటే అమ్మమ్మ ఏ పెట్టను పట్టిస్తుంది? గుడ్లు సరిగా పెట్టనిదాన్ని, పిల్లల్ని గద్దకు అప్పగించినదాన్ని. గంప నిండా పిల్లల్ని లేపి, వాటిని వెంటేసుకుని వేటకు వచ్చిన ముంగిసను కూడా ఎదిరించిన పెట్ట మరో ఏడాది బతుకుతుంది. ఆమె ‘జాతి అభివృద్ధి’ అనే మాట కూడా విని ఉండదు. అయినా యాభై ఏళ్లు అలా చేస్తే ఆ పెరటి కోళ్లన్నీ మంచి తల్లులవుతాయి.

ఇందులో మనిషిని తీసేసి ఆ స్థానంలో గద్దనూ, ముంగిసనూ, తుపానునూ, కొక్కెర తెగులునూ పెట్టండి. డార్విన్ చెప్పిన ప్రకృతి ఎంపిక అదే. తేడా ఒక్కటే: మనిషి తన కంటికి కనిపించిన గుణాన్నే ఎంచుతాడు. ప్రకృతి కాలేయాన్నీ, గుండెనూ, రోగ నిరోధాన్నీ, ఏదీ వదలకుండా పరీక్షిస్తుంది. పైన చెప్పిన బ్రాయిలర్ కష్టాలన్నీ ఈ తేడాలోంచి వచ్చినవే.

డేగా, కాకా, నెమలా?

సంక్రాంతి దగ్గర పడితే రాజోలు, అమలాపురం వైపు పెద్దల నోట కుక్కుట శాస్త్రం మొదలవుతుంది. ఒళ్లంతా ఎర్రటి ఈకలుంటే డేగ. నల్లనిది కాకి. తెల్లనిది సేతు. మెడ మీద నలుపూ తెలుపూ కలిస్తే పర్ల. ఇవి కాక కౌజు, మైల, పింగళ, పూల, కొక్కిరాయి, నెమలి, గేరువా. ఏ వారం, ఏ నక్షత్రాన, ఏ దిక్కున వదిలితే ఏ రంగు ఏ రంగు మీద గెలుస్తుందో లెక్కలు చెబుతారు. ఇంత నిశితంగా ఈక చూసి పేరు పెట్టడం మామూలు విషయం కాదు. ఈక రంగుల పరిశీలనలో ఆ పెద్దలు ఏ ప్రొఫెసరుకూ తీసిపోరు.

అయితే జన్యుశాస్త్రం లెక్కలో ఈ శాస్త్రం తప్పు గుణాన్ని పట్టుకుంది. ఈక రంగును నడిపే జన్యువులు కొద్ది. ఎముక గట్టిదనం, దమ్ము, ఎగిరే వేగం, దెబ్బ తిన్నా తిరగబడే తత్వం, వీటిని నడిపేవి వందలు. రంగుతో పాటు పోరు కూడా వస్తుందని చెప్పడానికి ఆధారం లేదు. ఫలానా ఇంటి డేగలు వరసగా గెలిచాయంటే గెలిచింది ఎరుపు కాదు, ఆ ఇంటి వంశం. ఆ వంశానికి ఎరుపు ఉండటం కాకతాళీయం.

మరి పెంచేవాళ్లకు ఇది తెలియదా అంటే బాగా తెలుసు! పందెం వేసేవాడు పంచాంగం చూస్తాడేమో గానీ, పుంజుల్ని తయారుచేసేవాడు పెట్టను చూస్తాడు. ‘ఆ పెట్ట అన్నదమ్ములు ఎలా ఆడాయి? దాని కడుపున పుట్టినవాటిలో ఎన్ని నిలబడ్డాయి?’ అతను అడిగే ప్రశ్నలివి. పెట్ట బరిలోకి దిగదు కాబట్టి దాని గుణం దాని కొడుకుల్లోనే చూడాలి. పక్షుల్లో ఇంకో విచిత్రం ఉంది. మనలో పిల్లవాడి లింగాన్ని నిర్ణయించేది తండ్రి ఇచ్చే క్రోమోజోమ్. కోళ్లలో అది తల్లి వంతు. పెట్టకు ఒక జడ్, ఒక డబ్ల్యూ క్రోమోజోములుంటాయి. తన ఒకే ఒక్క జడ్‌ను అది కొడుకులకు మాత్రమే ఇస్తుంది, కూతుళ్లకు ఇవ్వదు. కాబట్టి ‘పెట్ట మంచిదైతే పుంజు మంచిది’ అనే గోదావరి మాటలో సగం కన్నా ఎక్కువే నిజం ఉంది.

బాదంపప్పు గుడ్డులోకి దిగదు

పుంజుకి పెట్టే మేపు వింటే మనకే అసూయ పుడుతుంది. చోళ్లు, గంట్లు, ఉడికించిన గుడ్డు, ఖీమా, బాదం, జీడిపప్పు. పొద్దున్నే చెరువులో ఈత కొట్టిస్తారు, ఒళ్లు పడతారు, శాఖం పోస్తారు. ఇదంతా ఆ పుంజుకు కండ ఇస్తుంది. దాని పిల్లలకు మాత్రం ఒక్క రవ్వ కూడా చేరదు. తండ్రి ఈదినంత మాత్రాన కొడుకు గట్టివాడు కాడు. సంపాదించుకున్న గుణాలు సంతానానికి దిగుతాయని ఫ్రాన్సు దేశపు లామార్క్ నమ్మాడు. జర్మనీ శాస్త్రవేత్త వైస్‌మన్ తరం వెంట తరం ఎలుకల తోకలు కోస్తూ పోయాడు. ఏ తరంలోనూ పొట్టి తోక ఎలుక పుట్టలేదు.

అందుకే, బాగా మేపిన రెండో రకం పుంజు, సరిగా మేపని మొదటి రకం పుంజును ఓడించగలదు. గెలిచిందాన్నే పెట్టల మీదకు వదిలితే మీరు ఎంచింది వంశాన్ని కాదు, యజమాని జేబును.

కత్తి వచ్చాక మారిన కోడి

ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. అసీల్ జాతి కత్తి కోసం తయారైంది కాదు. కాళ్లకు ఏమీ కట్టకుండా గంటల తరబడి పోరాడే పక్షి కోసం మన పూర్వులు తరాల పాటు ఎంచారు. లావుపాటి మెడ, చిలక ముక్కులాంటి గట్టి ముక్కు, ఒంటికి అంటుకున్న పలుచటి ఈకలు, నేలకు దాదాపు నిటారుగా నిలబడే ఒళ్లు, ఇవన్నీ ఆ ఎంపిక ఫలితాలు. దాని తురాయి చూడండి. నాటు కోడికి ఉన్నట్టు నిలువుగా రంపంలా ఉండదు. బఠాణీలు పేర్చినట్టు మూడు చిన్న వరసలుగా నెత్తికి అతుక్కుని ఉంటుంది. అవతలి పుంజు ముక్కుతో పట్టుకోవడానికి అక్కడేమీ దొరకదు.

మనిషితో అది మెలిగే తీరు మరో విశేషం. తోటి పుంజు కనబడితే చచ్చేదాకా వదలని పక్షి, యజమాని చంకలో పసిపిల్లలా ఒదిగి ఉంటుంది. చేతిలో గింజుకునే దాన్నీ, యజమానిని పొడిచేదాన్నీ ఎవరూ వంశానికి ఉంచుకోలేదు. రష్యాలో 1959లో బెల్యాయెవ్ అనే శాస్త్రవేత్త నక్కల్లో మనిషికి భయపడని వాటినే ఎంచుతూ పోతే కొద్ది తరాలకే తోకలూపే నక్కలు పుట్టాయని ప్రపంచమంతా చెప్పుకుంటుంది. కోపాన్ని ఒక వైపు, సాధుత్వాన్ని ఇంకో వైపు ఒకే పక్షిలో పెంచిన మన పల్లె పెంపకందార్ల గురించి అంతగా చెప్పుకోలేదు.

కత్తి కట్టగానే ఈ లెక్కంతా తారుమారవుతుంది. పోరు నిమిషాల్లో, ఒక్కోసారి సెకన్లలో తేలిపోతుంది. మెడ బలానికి పనిలేదు, దమ్ముకు పనిలేదు. కత్తి ముందు ఎవరికి తగిలితే వాళ్లది ఓటమి. జాతి పెంపకంలో ఒక సూత్రం ఉంది. మంద సగటు కన్నా 400 గ్రాములు ఎక్కువ తూగే కోళ్లను తల్లిదండ్రులుగా ఎంచారనుకుందాం. ఆ బరువులో వారసత్వం పాలు నాలుగో వంతే అయితే, పిల్లలకు దక్కేది 100 గ్రాములే. మిగతాదంతా మేత, వాతావరణం, అదృష్టం. అదృష్టం పాలు పెరిగేకొద్దీ ఎంపిక పదును తగ్గుతుంది. కత్తి పందెంలో అదృష్టమే పెద్ద వాటా. కాబట్టి అక్కడ గెలుపు చూసి వంశం కట్టడమంటే చీటీ తీసి కట్టడమే. పైగా ఓడినది చచ్చిపోతుంది; ఆ ఓడినదాంట్లోనే మేలైన రక్తం ఉంటే అది అక్కడితో సరి.

జంతుహింసను అడ్డుకునే 1960 నాటి కేంద్ర చట్టం, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ఈ పందేలను నిషేధించాయి. నిషేధం ఎలా అమలవుతుందో కనుమ నాడు కోనసీమలో తిరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. దయ సంగతి పక్కన పెట్టినా, జాతి మీద ప్రేమ ఉందని చెప్పుకునేవాళ్లకు కత్తి పనికొచ్చే సాధనం కాదు. దీనికి తోడు పెరూ దేశపు పందెం కోళ్లతో కలపడం ఈ మధ్య జోరుగా సాగుతోంది. వేగం వస్తుందట. వేగంతో పాటు ఏం పోతోందో ఎవరూ రాసి పెట్టడం లేదు.

తురాయిలో మెండెల్

మెండెల్ బఠాణీ మొక్కల్లో కనిపెట్టిన వారసత్వ సూత్రాలు జంతువులకూ వర్తిస్తాయని మొదట చూపినవాళ్లలో ఇంగ్లండుకు చెందిన బేట్‌సన్ ఒకడు. ఏడాది 1902. చూపింది కోడి తురాయిలోనే. గులాబీ తురాయి కోడినీ, అసీల్‌కు ఉన్నలాంటి బఠాణీ తురాయి కోడినీ కలిపితే రెండూ కాని మూడో రకం, అక్రోట్ కాయలాంటి తురాయి వస్తుంది. డిగ్రీలో జువాలజీ చదివినవాళ్లు 9:3:3:1 అని బట్టీ పట్టిన లెక్క ఇదే. బఠాణీ తురాయికి కారణమైన జన్యు మార్పు ఏదో 2009లో తేలింది.

పసుపు కాళ్ల రహస్యం

కోళ్లన్నిటికీ మూలం ఎర్ర అడవికోడి అని డార్విన్ రాశాడు. నేటి పరిశోధన కూడా చాలావరకు అదే అంటోంది. అయితే ఒక సవరణ ఉంది. చాలా కోళ్ల కాళ్లు పసుపుగా ఉంటాయి కదా, ఎర్ర అడవికోడికి ఆ పసుపు లేదు. ఆ జన్యువు బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో తేల్చారు. బూడిదరంగు అడవికోడి దక్షిణ భారతానిది. ఎర్రది ఉత్తరాన, తూర్పు కనుమల్లో ఉంటుంది. తూర్పు వైపున ఈ రెండింటి సీమలూ కలిసేది ఎక్కడనుకున్నారు? ఇంచుమించు గోదావరి దగ్గరే.

మనిషి కోడిని పట్టి తెచ్చి మచ్చిక చేశాడా, కోడే మనిషి దగ్గరికి వచ్చిందా? థాయిలాండ్‌లో సుమారు మూడున్నర వేల ఏళ్ల నాటి ఎముకలు పరిశీలించినవాళ్లు 2022లో చెప్పిందేమంటే, వరి, చిరుధాన్యాల పంటల కళ్లాల్లో రాలిన గింజల కోసం అడవికోళ్లు ఊళ్ల అంచుకు చేరాయని. వరి కళ్లం చుట్టూ కోళ్లు తిరగడం చూసిన డెల్టా రైతుకు ఇందులో ఆశ్చర్యం ఏమీ ఉండదు.

పాలివ్వని ఆంబోతుకి పాల మార్కులు

కొత్తపేట వైపు ఒక పాడి రైతు ఇంటికి, పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర వచ్చాడు. మోటారు సైకిల్‌కి కట్టిన చిన్న డబ్బాలో మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్. మూత తీస్తే తెల్లటి పొగ. అందులోంచి సన్నటి గొట్టం ఒకటి పట్టకారుతో తీసి, గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి, ఎదకు వచ్చిన గేదెకు వేశాడు. ఆ గొట్టంలో ఉన్నది పావు మిల్లీలీటరు ముర్రా దున్న వీర్యం. అది హర్యానా జాతి. డెల్టాలోని నాటు గేదెలను తరాల పాటు ఇలా ముర్రాతో కలిపీ కలిపీ, ఇప్పుడు చాలా కొట్టాల్లో కనబడేది కొమ్ము మెలి తిరిగిన నల్లటి గేదే.

దున్న పాలివ్వదు, మరి అది మంచిదని ఎలా తెలుస్తుంది? పెట్టను కొడుకుల్లో చూసినట్టే దున్నను కూతుళ్లలో చూడాలి. వందల కూతుళ్ల పాలు ఏళ్ల తరబడి కొలిచి రాస్తే తప్ప తండ్రికి మార్కులు పడవు. ఆ నిరీక్షణ తగ్గించడానికే ఇప్పుడు రక్తపు చుక్కతో జన్యువులు చదివే చిప్పులు వచ్చాయి. ఆవులకు ‘గౌ చిప్’, గేదెలకు ‘మహిష్ చిప్’ పేరుతో 2024 అక్టోబరులో మన దేశంలోనూ విడుదల చేశారు. పెయ్యదూడే కావాలంటే లింగం వేరుచేసిన వీర్యం కూడా దొరుకుతోంది. ఆడ దూడనిచ్చే కణంలో డీఎన్ఏ సుమారు 4 శాతం ఎక్కువ ఉంటుంది. యంత్రం ఆ చిన్న తేడానే పట్టుకుంటుంది.

ఒక్క మగ పశువు మీద ఇంత నమ్మకం పెట్టుకుంటే ఏమవుతుందో అమెరికా చూసింది. ‘చీఫ్’ అనే హోల్‌స్టీన్ ఆంబోతు 1962లో పుట్టింది. దానికి 16,000 మంది కూతుళ్లు. పాలు కుండలు కుండలుగా పెరిగాయి. దాంట్లో దాగిన ఒక చెడ్డ జన్యువు కూడా పెరిగింది. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ అదే జన్యువు దూడకు వస్తే కడుపులోనే పోతుంది. దశాబ్దాల్లో 5 లక్షలకు పైగా గర్భాలు ఇలా పోయాయని 2016లో లెక్క కట్టారు. ఊళ్లో ఒకే దున్న నంబరు గొట్టాలు ఏళ్ల తరబడి వేయించేవాళ్లు ఈ సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి. తండ్రి గొట్టాన్ని కూతురికి వేయించడం మన కొట్టాల్లో తెలియక జరుగుతూనే ఉంది.

ఒంగోలు నుంచి బ్రెజిల్

బ్రెజిల్‌లో 20 కోట్లకు పైగా పశువులున్నాయి. వాటిలో ఎక్కువ భాగం ‘నెలోర్’, అంటే మన నెల్లూరు, ఒంగోలు సీమ గిత్తల సంతానం. 1960ల మొదట్లో ఒంగోలు దగ్గరి కరవది ఊరి ఆంబోతు ఒకటి అక్కడికి చేరి, ఆ ఊరి పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. 2023లో ‘వియాటినా-19’ అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా అమ్ముడైతే, ఆవు మొత్తం ధర సుమారు 43 లక్షల డాలర్లు పలికినట్టయింది. అప్పటికి అది గిన్నిస్ రికార్డు. వాళ్లు మాంసం కోసం ఎంచారు, మనం దుక్కికీ బండకూ ఎంచాం. ట్రాక్టరు రాగానే మన ఎంపికకు పని పోయింది.

మూడడుగుల లోపు ఎత్తుండే పుంగనూరు ఆవుది ఇంకో దారి. చిత్తూరు సీమ మెట్టలో తక్కువ మేతతో బతకడానికి పనికొచ్చిన పొట్టితనం, ఇప్పుడు హాల్లో తిరిగే ముద్దుకు పనికొస్తోంది. కాకినాడ వైపు ఇంకా పొట్టివి తయారవుతున్నాయి. ముద్దు కోసం ఎంపిక ఎక్కడికి దారి తీస్తుందో ఊపిరాడక గురక పెట్టే పగ్ కుక్కలను చూస్తే తెలుస్తుంది.

చెరువులో రొయ్య, కొట్లో జన్యువు

అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన చెరువుల్లో పెరిగే వనామీ రొయ్య మన సముద్రానిది కాదు. మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరానిది. 1994లో తెల్లమచ్చ వైరస్ వచ్చి మన టైగర్ రొయ్యను ఊడ్చిపెట్టింది. 2009లో వనామీకి పెద్దఎత్తున అనుమతి దొరికింది. అప్పటికే హవాయి దీవుల్లో దాన్ని చాలా తరాలుగా ఎంచి పెంచుతున్నారు. టైగర్ తల్లిని సముద్రంలో పట్టుకొచ్చేవాళ్లం. అది అడవి జంతువు. వనామీ తల్లి కోడిలా, గేదెలా ఇంటి జంతువు. తేడా అంతా అక్కడుంది.

ఒక అపోహ మాత్రం రైతుల్లో బలంగా ఉంది. ‘ఎస్పీఎఫ్ పిల్ల’ అంటే రోగం రానిదని. కాదు. ఫలానా రోగక్రిములు లేకుండా పుట్టినది అని మాత్రమే దానర్థం. చెరువులో క్రిమి ఉంటే దానికీ అంటుకుంటుంది. రోగాన్ని తట్టుకునేలా ఎంచడం వేరే పని. చెరువులో పెరిగిన రొయ్యల్నే తల్లులుగా వాడి పిల్ల తీసే హేచరీల పిల్ల చవగ్గా వస్తుంది. అన్నాచెల్లెళ్లను కలిపినట్టు రక్తం దగ్గరైపోయి ఆ పిల్ల నీరసిస్తుంది. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ దాన్ని నిషేధించింది అందుకే.

చేపల్లో మనదే మంచి కథ ఉంది. భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ నార్వే వాళ్లతో కలిసి 1992లో రోహు మీద పని మొదలుపెట్టింది. గంగ, యమున, బ్రహ్మపుత్ర, గోమతి, సట్లెజ్ నదుల నుంచి చేపలు తెచ్చి కలిపి, తరానికి 17 శాతం చొప్పున పెరుగుదల సాధించింది. స్వాతంత్ర్య స్వర్ణోత్సవం నాటికి తయారైంది కాబట్టి ‘జయంతి’ అన్నారు. అయిదు నదుల రక్తం ముందే కలపడంలోనే దాని తెలివంతా ఉంది.

మనం పెంచిన దోమపోటు

ఎంపిక చేసేవాడికి తెలియకుండా జరిగేదానికి చేదు ఉదాహరణ వరి చేలోని దోమపోటు. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు వచ్చిన కొత్తలో ఒక్క పిచికారీతో దోమ రాలేది. కోటిలో ఒకటో రెండో తట్టుకున్నవి మిగిలాయి. మిగిలినవే గుడ్లు పెట్టాయి. మళ్లీ పిచికారీ, మళ్లీ అదే ఎంపిక. పది పదిహేనేళ్లలో ఆసియా దేశాల వరి చేలన్నిటా మందుకు లొంగని దోమ తయారైంది. బ్రాయిలర్‌ను పెంచినవాడు చేసిన పనీ, మనం దోమకు చేసిన పనీ ఒకటే. ఆయన కావాలని చేశాడు, మనం డబ్బు పోసి మరీ వద్దనుకున్నదాన్ని పెంచాం. రొయ్యల చెరువులో యాంటీబయాటిక్ పోసేవాళ్లకూ ఇదే పాఠం వర్తిస్తుంది.

పిఠాపురం కుర్రాడు, హాల్డేన్ దొర

పరిణామ శాస్త్రాన్ని గణితంతో నిలబెట్టిన ముగ్గురిలో ఒకడైన జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చేశాడు. ఆయన దగ్గర శిష్యుడిగా చేరినవారిలో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఉన్నారు. అక్కడి తోటలో లాంటానా పూల మీద వాలే సీతాకోకచిలుకలను ఆయన గమనించారు. కొన్ని జాతులు ఒక రంగు పూల మీదే వాలుతున్నాయి, మరో రంగు ముట్టుకోవడం లేదు. అలా రంగు రంగుకీ పుప్పొడి వేరుపడిపోతే, ఒకే చోట ఉన్న మొక్కే కాలక్రమంలో రెండు జాతులుగా చీలొచ్చని 1960లో ‘నేచర్’ పత్రికలో రాశారు. సీతాకోకచిలుక కూడా ఎంపిక చేస్తుంది, దానికి కుక్కుట శాస్త్రం లేకపోయినా.

పెరటి కోడి పెంచేవారికి ఒక మాట

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ ‘వనరాజా’, ‘గ్రామప్రియ’ లాంటి పెరటి కోళ్లను ఇచ్చింది. గుడ్లు బాగా పెడతాయి. కానీ వాటికి పొదిగే బుద్ధి దాదాపు పోయింది. పొదగడానికి నాటు పెట్టో, అసీల్ పెట్టో ఉండి తీరాలి. అసీల్ పెట్ట ఏడాదికి ముప్ఫై నలభై గుడ్లే పెట్టినా, పిల్లల్ని సాకడంలో దానికి సాటి లేదు. కాబట్టి కొత్తవి తెచ్చుకోండి గానీ, ఇంట్లో ఉన్న పాత వంశాన్ని కోసి వండెయ్యకండి. పుంజునైతే రెండేళ్లకోసారి దూరపు ఊరి ఇంటితో మార్చుకోండి. ఇరవై రూపాయల నోటుపుస్తకం ఒకటి కొని, ఏ పెట్టకు ఏ పుంజు, ఎన్ని గుడ్లు, ఎన్ని లేచాయి, ఎన్ని బతికాయి, తారీఖు వేసి రాయండి. కత్తులకు పెట్టే ఖర్చులో వందో వంతు చాలు.